అద్దాల షాపు పెట్టెలు

"ఆ సీసా అక్కడ పెట్టండి అత్తయ్యా."

అత్తయ్య పెట్టలేదు. నేను చేసిన నారింజ తొక్కల మిఠాయిని నా సీసాలోంచే గరిటెతో తీసి, బంగారు రంగు అట్టపెట్టెలో వరసగా పేరుస్తూనే ఉంది. పక్కనే స్టూలు మీద కూర్చుని మా ఆయన ఇంకో పెట్టెకి రిబ్బను కడుతున్నాడు. లిఫ్టుల ఇనుప తాళ్ళు బిగించే మనిషికి రిబ్బను ముడి కుదరడం లేదు. ఊడదీసి మళ్ళీ కడుతున్నాడు.

నేను ఇంకా చెప్పులైనా విప్పలేదు. ఆదివారమైనా ఇది డైరీల సీజను కాబట్టి, పొద్దున్న ఆరింటి నుంచి పదింటి దాకా బైండింగు షాపులో కాగితాలు కుట్టి వచ్చాను. వేళ్ళ మీద జిగురు ఎండి అట్టకట్టింది.

"ఏమిటిది?" అన్నాను.

"కనబడటం లేదా? సర్దుతున్నాం" అంది అత్తయ్య.

"అద్దాల షాపు పెట్టెల్లోనా?"

"పెట్టెలు ఖాళీగా ఉన్నాయి. మిఠాయి ఉంది. ఇందులో తప్పేముంది?"

తప్పేముందో ఆవిడకి బాగా తెలుసు. తెలుసు కాబట్టే నేను ఇంట్లో లేని పూట చూసుకుని ఆ పెట్టెల్ని అటక మీంచి దించింది. పెద్ద బజారులో ఆ అద్దాల మిఠాయి షాపు ఉంది చూడండి, దాని పెట్టె ఎవరింటి నుంచి వచ్చినా అత్తయ్య పారెయ్యదు. దుమ్ము దులిపి, మూత మూసి, ఏళ్ళ తరబడి దాస్తూ వచ్చింది. ఎందుకు దాస్తోందో నాకు ఇవాళ అర్థమైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మిఠాయికి నాకు పద్నాలుగు రోజులు పట్టింది. మా బైండింగు షాపు పక్క పళ్ళరసం కొట్టాయన మచ్చలేని తొక్కలు ఏరి, కడిగి, సంచిలో వేసి రోజూ ఇచ్చేవాడు. చేదు పోవడానికి మూడుసార్లు ఉడకబెట్టి మూడుసార్లు నీళ్ళు పారబోశాను. పాకం పట్టి గుడ్డ మీద ఆరబెట్టాను. దాంతోపాటు బిస్కెట్లూ చేశాను, వాటికి మాకు ఓవెన్ లేదు. మందపాటి గిన్నెలో ఉప్పు పోసి, దాని మీద పళ్ళెం పెట్టి, విడతకి తొమ్మిదేసి చొప్పున కాల్చాను. మొదటి రెండు విడతలు మాడితే మేమే తిన్నాం.

ఈ ఏడాది చివరి సెలవులకి బయట ఒక్క వస్తువూ కొనకూడదని, అన్నీ ఇంట్లోనే చేసుకోవాలని ఆయనా నేనూ కలిసే అనుకున్నాం. కంపెనీవాళ్ళు ఆయన షిఫ్టులు సగానికి కోసేసిన రోజున, ఇదే వంటింట్లో నిలబడి అనుకున్నాం. "మన చేతులున్నాయిగా" అని ఆ రోజు అన్నది ఈయనే.

"ఏమండీ, మీరు చెప్పండి. ఏమిటిదంతా?"

ఆయన రిబ్బను వంక చూస్తూ అన్నాడు. "అన్నయ్యా వాళ్ళూ పన్నెండింటికల్లా వచ్చేస్తారు."

"అది నాకూ తెలుసు. నేనడిగింది అది కాదు."

నీళ్ళు నమలడంలో మా ఆయన్ని మించినవాళ్ళు లేరు.

అప్పుడు చూశాను గుమ్మం వైపు. గుమ్మానికి అడ్డంగా మా పిచ్చుక కట్టిన కాగితం నక్షత్రాలు లేవు. మేకులకి దారం పోగులు మాత్రం వేలాడుతున్నాయి.

పిచ్చుకంటే మా అమ్మాయి. పదేళ్ళది. ఇంత పిల్ల, ఇల్లంతా దాని రొదే. ఆ పిల్ల నోరు మెదపకుండా బాల్కనీ తలుపు పక్కన కూర్చుని గోళ్ళు గిల్లుకుంటోంది.

"నక్షత్రాలేవి? పుస్తకాలేవి?"

"నక్షత్రాలు నిన్న సాయంత్రమే తీశాను, నువ్వు రాత్రి పొద్దుపోయి వచ్చి చూసుకోలేదు" అన్నాడు. "పుస్తకాలు అటక మీద పెట్టాను."

"ఎందుకు?"

ఆయన రిబ్బను ముడి మళ్ళీ ఊడదీశాడు.

ఆ పుస్తకాల సంగతి చెప్పకపోతే నా కోపం సంగతి తెలియదు. డైరీల అంచులు సమంగా కోసినప్పుడు మంచి కాగితం ముక్కలు మిగులుతాయి. తీసుకెళ్ళమని ఓనరే అన్నాడు. అరచేతిలో పట్టే అయిదు చిన్న పుస్తకాలు చేశాం. బావగారికి ఒకటి, తోడికోడలికి ఒకటి, వాళ్ళమ్మాయికి ఒకటి, అత్తయ్యకి ఒకటి, ఈయనకి ఒకటి. కాగితాలు మడిచింది పిచ్చుక. కుట్టింది పిచ్చుక. అట్ట మీద గుడ్డ అతికించడం మాత్రం నేను చేశాను. ఓనరు దాన్ని ఒక శనివారం షాపుకి రానిచ్చి, మిగిలిపోయిన బంగారు రేకు ముక్కలిచ్చాడు. ఒక్కొక్కరి పేరూ అచ్చక్షరాలతో పేర్చి, వేడి చేసి, ఆ రేకు మీంచి పుస్తకం వీపు మీద, కుట్టుండే అంచున, అదే అద్దింది. చిన్న వేలు కాలింది కూడా. కాలితే ఏడవలేదు. "అమ్మా, అక్షరం వంకరగా పడిందా?" అని అడిగింది.

పదమూడేళ్ళుగా నేను కుట్టిన పుస్తకాల మీద ఎవరెవరి పేర్లో ఉంటాయి. నా పేరు ఏ పుస్తకం మీదా ఉండదు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు, అది నా ఉద్యోగం. కానీ నా ఇంట్లో, నా గిన్నెలో, నా చేత్తో చేసిన దాని మీద అద్దాల షాపు పేరా?

"అత్తయ్యా, ఆ పెట్టెలోవి తీసి మళ్ళీ సీసాలో పోయండి."

"పొయ్యను."

"అయితే నేనే పోస్తాను."

"నువ్వు ఊరుకోవే అమ్మాయ్!" అంది అత్తయ్య, గరిటె నా వైపు చూపిస్తూ. "తొక్కలు! జనం పారేసిన తొక్కలు ఏరుకొచ్చి ఉడకబెట్టి ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టామని ఊళ్ళో అందరికీ తెలియాలా? నా పెద్దకోడలు ఎలాంటి మనిషో నీకు తెలీదా?"

"తెలుసు. ఆవిడెలాంటిదో తెలుసు కాబట్టి మనం దొంగల్లా దాక్కోవాలా?"

"దొంగలేమిటి, దొంగలు! పెద్ద మాటలొద్దు."

"షాపువాడు చెయ్యనిది షాపువాడి పేరుతో పెడితే ఏమంటారత్తయ్యా? మీరే చెప్పండి."

అత్తయ్య పెట్టె మూత మూసేసింది. మా ఆయన రిబ్బను కింద పడేశాడు.

"పోయినేడు సంచీ" అన్నాడు.

"ఏం సంచీ?"

"పోయినేడు ఓసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వదినకి నువ్వు కుట్టిచ్చిన సంచీ."

నాకు గుర్తుంది. ముదురాకుపచ్చ సంచీ, బైండింగు గుడ్డతో కుట్టాను. తోడికోడలు ముచ్చటగా చూసి, "ఎంత ఓపికమ్మా నీకు" అని రెండుసార్లు అంది.

"మనం మెట్లు దిగుతుండగానే వాచ్‌మన్‌ని పిలిచి ఇచ్చేసింది. నువ్వు ముందు వెళ్ళిపోయావు, చూడలేదు. నేను చూశాను."

"పోనిద్దురూ. ఎప్పటి మాట."

"ఆ బిల్డింగు లిఫ్టు ఎవరు చూస్తారనుకున్నావ్? నేనే. ప్రతి నెలా వెళ్తాను. ప్రతి నెలా ఆ సంచీ అతని చేతిలో కనబడుతుంది. అతను నన్ను చూసి నవ్వుతాడు. అన్నయ్యకి తమ్ముడినని అతనికి తెలుసు." కింద పడ్డ రిబ్బను వంగి తీశాడు. "ఏడాదంతా చూశాను. ఇంక నా వల్ల కాదు."

ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. నాకు జాలేసింది. జాలితో పాటు కోపం రెట్టింపైంది.

"ఏడాదైనా ఆ సంచీ చిరగలేదు కదా!" అన్నాను. "అతను రోజూ వాడుకుంటున్నాడు కదా! నా కుట్టుకి మర్యాద దక్కింది ఆ వాచ్‌మన్ దగ్గరే. సిగ్గుపడాల్సింది మీ వదిన. మీరెందుకు తల దించుకుని తిరుగుతున్నారు?"

"నీకు అర్థం కాదులే."

"అర్థం కానిది నాకు కాదు. సరే, మామయ్యగారి రివాజు ఏం చేద్దామనుకున్నారు?"

ఇద్దరూ చూపు తిప్పుకున్నారు.

మామయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆయన రైల్వే స్టేషన్లో జనం మర్చిపోయిన సామాన్ల గదికి గుమాస్తా. గొడుగైనా, పెట్టైనా, పిల్లల బొమ్మైనా, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పనిదే ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ఆ పద్ధతే ఇంటికీ తెచ్చారు. సెలవుల్లో మొదటి ఆదివారం అందరం ఒకరింట్లో కలుస్తాం. వంతు ఎవరిదైతే ఆ ఇంటివాళ్ళే కానుకలిస్తారు. ఇచ్చేటప్పుడు అదెక్కణ్ణుంచి వచ్చిందో చెప్పి మరీ ఇవ్వాలి. చెప్పందే అవతలివాళ్ళు చెయ్యి చాచకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ చేతే ఇప్పించేవారు.

"ఈసారి వంతు మనది. ఇచ్చేది పిచ్చుక" అన్నాను. "అదేం చెప్పాలి?"

బాల్కనీ దగ్గర్నుంచి వినిపించింది.

"పెద్ద బజారులో అద్దాల షాపులో మా నాన్న కొన్నారు. పొద్దున్నే లైన్లో నిలబడి తెచ్చారు. మీకు నచ్చుతుందని."

పాఠం అప్పజెప్పినట్టు తడుముకోకుండా చెప్పింది. ఎన్నిసార్లు చెప్పించారో.

నేను ఆయన ముందుకెళ్ళి నిలబడ్డాను. "మీరు అబద్ధమాడుకోండి. మీ అమ్మగారు ఆడుకుంటే ఆడుకోనివ్వండి. నా పిల్ల చేత ఆడిస్తారా? అదీ మీ నాన్నగారి మాట అడ్డం పెట్టుకునా?"

"నిన్నేం చెప్పమనడం లేదు. ఊరుకుంటే చాలు" అన్నాడు. తర్వాత నా జిగురు చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క పూట. నా కోసం."

పెళ్ళై పన్నెండేళ్ళలో ఈ మనిషి తన కోసమని నన్నేదీ అడగలేదు. బనియన్లు కూడా నేనే గమనించి తెచ్చేదాన్ని. నోటిదాకా వచ్చిన మాట మింగి, సరే, ఒక్క పూట ఊరుకుంటానన్నాను.

ఇంతలో కింద నుంచి బావగారి గొంతు వినిపించింది. గంట ముందే వచ్చేశారు.

* * *

"ఏరా, ఊరి లిఫ్టులన్నీ బాగుచేసేవాడి ఇంటికి నాలుగంతస్తులు ఎక్కి రావాలా?"

బావగారు గుమ్మంలో రొప్పుతూనే నవ్వారు. ఆయన నవ్వులో విషం ఉండదు. తోడికోడలు మాత్రం గోడకి చేరబడి, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ మా గది నాలుగు మూలలూ చూసుకుంది. వెనక వాళ్ళమ్మాయి, పన్నెండేళ్ళది.

"అది మా కంపెనీ లిఫ్టు కాదన్నయ్యా" అన్నాడు మా ఆయన.

"కాకపోతే మాత్రం! సొంత బిల్డింగుకి ఆ మాత్రం ఉపకారం చేసుకోకూడదూ?" అంది తోడికోడలు. "ఎలా ఉన్నావమ్మా? చిక్కిపోయావ్. ఆ బైండింగు పని మానెయ్యకూడదూ? చేతులు చూడు ఎలా అయిపోయాయో."

"డైరీల సీజనక్కా. మీ ఇంట్లో రాసుకునే డైరీ కూడా మేం కుట్టిందేనేమో."

ఆ మాట ఆవిడకి వినిపించలేదో, వినిపించినా అనవసరమనుకుందో. కుర్చీ మీద జేబురుమాలు పరుచుకుని కూర్చుంది. ఆ కుర్చీ పొద్దున్న నేను తడిగుడ్డతో తుడిచాను.

భోజనాలయ్యాయి. అందరూ తిన్నారు, అందరూ మాట్లాడారు. నేను అడిగినవాటికి మాత్రం జవాబు చెప్పాను. అత్తయ్య నన్ను ఓరకంట కనిపెడుతూనే ఉంది.

"ఊఁ, ఇక కానివ్వండి" అన్నారు బావగారు చేతులు తుడుచుకుంటూ. "మన పిచ్చుక పెద్దదైపోయింది. ఈసారి ఇచ్చేది ఇదేనా? రావే తల్లీ. మీ తాతయ్య మాట జ్ఞాపకం ఉందా?"

"ఉంది పెద్దనాన్నా" అంది పిచ్చుక.

బంగారు పెట్టె రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. మధ్యలో ఆగి నా వంక చూసింది. నేనేం చెయ్యాలి? ఆయనకి మాటిచ్చినదాన్ని. తల తిప్పేసుకున్నాను. నా బతుకులో నేను చేసిన పిరికిపనుల్లో అదొకటి.

"పెద్ద బజారులో అద్దాల షాపులో మా నాన్న కొన్నారు" అంది. "పొద్దున్నే లైన్లో నిలబడి తెచ్చారు. మీకు నచ్చుతుందని."

బావగారు రెండు చేతులూ చాచి తీసుకున్నారు. "ఎందుకురా ఇంత శ్రమ? అసలే షిఫ్టులు తగ్గాయంటున్నావ్."

"అన్నయ్య వస్తే ఆ మాత్రం చెయ్యడా?" అంది అత్తయ్య. "ఆరింటికే వెళ్ళి నిలబడ్డాడు పాపం."

ఆరింటికి ఎవరెక్కడ నిలబడి ఉన్నారో నా కాళ్ళకి తెలుసు.

తోడికోడలు రిబ్బను విప్పి, ఒక తొక్క ముక్క తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"అదీ! కళ్ళకి గంతలు కట్టి పెట్టినా చెప్తాను ఇది అద్దాల షాపుదని. మా ఇంట్లో వారం వారం ఇదేగా! వీళ్ళ నారింజ తొక్కకి ఒక వగరుంటుంది. ఇంకెవరికీ రాదు."

నేను గ్లాసులు సర్దుతున్నాను. చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టానో నాకే తెలియలేదు.

"ఒకసారి మా వంటమనిషి చేత చేయించాను" అంది ఆవిడే మళ్ళీ. "చేదు! నోట్లో పెట్టుకోలేకపోయాం. ఇలాంటివి ఇంట్లో కుదరవమ్మా. కొనుక్కోవాల్సినవి కొనుక్కోవాలి."

"నీళ్ళు మూడుసార్లు మార్చాలక్కా" అన్నాను.

అత్తయ్య గతుక్కుమని నా వైపు చూసింది.

"ఏమిటి?" అంది ఆవిడ.

"ఏం లేదు. చేదు పోవాలంటే."

"అంటారు అందరూ. చేస్తే తెలుస్తుంది" అని ఇంకో ముక్క తీసుకుంది.

మా ఆయన నా వైపు చూశాడు. బతిమాలే చూపు. నేను గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. నా మిఠాయిని నా ఇంట్లో కూర్చుని తింటూ, నాకే చేతకాదని చెప్తోంది! నేనేమో అవునవునని గ్లాసులు కడగాలి. నవ్వొచ్చే సంగతే కానీ నాకు నవ్వు రాలేదు. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టుకున్నాను.

బావగారి మాటలు వంటింటి దాకా వినిపిస్తున్నాయి. "నాన్న ఉంటే మురిసిపోయేవాడురా. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎంత చక్కగా చెప్పి ఇచ్చింది! మన ఇంటి పద్ధతి నిలబెట్టింది పిల్ల."

దానికి మా ఆయన ఏమన్నాడో నాకు వినిపించలేదు.

పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. నా నడుము చుట్టూ చేతులు వేసి, మునికాళ్ళ మీద లేచి చెవిలో చెప్పింది.

"అమ్మా, నమ్మేశారు! అందరూ నమ్మేశారు. అక్క ఇంకో పెట్టె ఉందా అని అడుగుతోంది."

మొహం వెలిగిపోతోంది. పొద్దుటి నుంచి గోళ్ళు గిల్లుకుంటున్న పిల్ల.

"నీకు సంతోషంగా ఉందా?"

"ఊఁ. మనం చేశామని చెప్తే తినేవాళ్ళు కాదు కదమ్మా."

కుళాయి కట్టేశాను.

పొద్దున్న నాకొచ్చిన కోపమంతా నా గురించే అని నాకు అప్పుడు అర్థమైంది. నా మిఠాయి, నా పేరు, నా పద్నాలుగు రోజులు. ఈ పిల్ల మాటేమిటి? దాని వేలు కాలింది. నెల రోజులు కూర్చుని కుట్టింది. తన చేత్తో చేసిందంటే ఎవరూ ముట్టుకోరని ఇవాళ మా అందరి దగ్గరా నేర్చుకుంది. తల తిప్పుకున్న నా దగ్గర కూడా నేర్చుకుంది.

"మన పుస్తకాలు దించుతాను" అన్నాను.

పిచ్చుక మొహం మారిపోయింది. "వద్దమ్మా."

"ఎందుకొద్దు? పెద్దనాన్నది పెద్దనాన్నకి, పెద్దమ్మది పెద్దమ్మకి నీ చేత్తో నువ్వే ఇద్దువు గాని."

"వద్దు. అవి బాగాలేవు."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే తెలుసు. వద్దమ్మా, ప్లీజ్."

నేను స్టూలు లాక్కుని ఎక్కాను. మాటిచ్చాను నిజమే. ఒక్క పూట ఊరుకుంటానన్నాను. ఆ పూట అయిపోయిందనుకున్నాను.

స్టూలు చప్పుడుకి మా ఆయన వచ్చాడు.

"ఏం చేస్తున్నావ్? దిగు."

"దిగను."

"దిగమంటున్నానా! వాళ్ళు అక్కడ కూర్చునుండగా..."

"ఊగుతోంది. పట్టుకోండి."

ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వంగి రెండు చేతులతో స్టూలు కాళ్ళు పట్టుకున్నాడు. ఆపడానికి వచ్చినవాడే, నేను పడిపోతానేమోనని పట్టుకున్నాడు. ఈ మనిషితో నా చిక్కంతా ఇక్కడే ఉంది. చెడ్డవాడైతే ఈపాటికి తేల్చేసుకునేదాన్ని.

గుడ్డసంచీ చేతికి తగిలింది. దించి, గట్టు మీద పెట్టి, ముడి విప్పాను.

పైన ఉన్నది బావగారి పుస్తకం. గుడ్డ రంగును బట్టి పోల్చాను. వీపు మీద పేరు లేదు. పేరుండాల్సిన చోట ఒక బంగారు అట్ట ముక్క అతికించి ఉంది. దాని మీద అద్దాల షాపు పేరు, పువ్వు గుర్తు. రెండోది తీశాను. దానికీ అంతే. అయిదింటికీ అంతే. పెట్టె మూతలోంచి కత్తిరించిన ముక్కలు. కొలత తప్పకుండా, మూలలు మడత పడకుండా, నేను నేర్పినట్టే అతికించి ఉన్నాయి. పేర్లన్నీ వాటి కిందికి పోయాయి.

నేను మా ఆయన వైపు తిరిగాను. "ఇది కూడానా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలీదు. ఒట్టు, నేను కాదు."

"అయితే అత్తయ్య పనా?"

"నేనే" అంది పిచ్చుక.

తలుపు మూలకి నక్కి నిలబడింది.

"నిన్న రాత్రి మీరందరూ పడుకున్నాక ఎక్కాను. పెట్టెలూ పుస్తకాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇలా చేస్తే కొన్నవాటిలా ఉంటాయి కదా, నాన్న కిందికి దించుతాడేమో అనుకున్నాను. కానీ సరిగ్గా రాలేదు. చూస్తే తెలిసిపోతుంది. అందుకే వద్దన్నాను."

మా ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

తిట్టడానికి నా దగ్గర మాటలు లేక కాదు. నెల రోజులకి సరిపడా ఉన్నాయి. కానీ పై పుస్తకాన్ని వెలుతురుకి తిప్పి చూశాను. బంగారు ముక్క అంచు కింద నుంచి, బావగారి పేరులో చివరి అక్షరం కొద్దిగా కనబడుతోంది. అది వంకరగా పడలేదు.

"ఏమిటర్రా, అందరూ వంటింట్లో చేరారు?"

బావగారు గుమ్మంలో ఉన్నారు. ఆయన భుజం మీంచి తోడికోడలు తొంగి చూస్తోంది. వెనక అత్తయ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏమిటవి? ఇంకా ఉన్నాయా కానుకలు?" అన్నారు బావగారు.

"అరె! అద్దాల షాపువాళ్ళు పుస్తకాలు కూడా అమ్ముతున్నారా?" అంది తోడికోడలు. "నాకు తెలియనే తెలియదు. ఎంత నీటుగా ఉన్నాయో!"

నేను పై పుస్తకం తీసి మా ఆయన చేతిలో పెట్టాను.

"ఇది మీ అన్నయ్యగారిది. మీరే ఇవ్వండి" అన్నాను. "మీ నాన్నగారి రివాజు ప్రకారం ఇవ్వండి. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పి ఇవ్వండి."

ఆయన లేచి నిలబడ్డాడు. బొటనవేలు ఆ బంగారు ముక్క మీద ఉంది. గోటితో అంచు గీకుతున్నాడో, కప్పి పెడుతున్నాడో నాకు తెలియలేదు.

బావగారు అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. చెప్పందే చెయ్యి చాచకూడదు కదా.

"చెప్పరా మరి" అన్నారు నవ్వుతూ. "ఎక్కడిదిది?"

పిచ్చుక పరుగున వెళ్ళి వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుంది.

"కొన్నామని చెప్పు నాన్నా" అంది. "నమ్ముతారు. కొన్నామనే చెప్పు."